మెట్ట మీద తీగ

దీపం కట్టే స్తంభానికి ఎవరో రాగి తీగ బిగించారు.

అది చూసి పెద్దింట్లమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"ఎవడ్రా ఇది కట్టింది?"

కాకినాడకి ఉత్తరాన, ఒడ్డునే ఉన్న మెట్ట అది. పైకెక్కితే సముద్రం చాలా దూరం కనిపిస్తుంది. వేటకెళ్ళిన మగాళ్ళు రావడం ఆలస్యమైతే, పల్లెలో ఆడవాళ్ళు ఆ స్తంభానికి లాంతరు కట్టి కింద కూర్చుంటారు.

తుఫాను వచ్చింది, పోయింది. పడవలు మాత్రం రాలేదు. పెద్దింట్లమ్మ మొగుడు బుల్లియ్య, మరిది చిట్టియ్య ఒకే పడవలో వెళ్ళారు.

వెతకడానికి ఒక్కడొచ్చాడా? ఒక్క జీపొచ్చిందా? ఆడవాళ్ళంతా కాకినాడ పోయి ఆఫీసు గుమ్మంలో నిలబడితే, "చూస్తాంలే, వెళ్ళండి" అన్నారు. చూశారు, బాగా చూశారు!

ఇప్పుడు తీరిగ్గా ఒకడు దిగాడు.

ఇస్త్రీ చొక్కా, కళ్ళజోడు. పక్కన లారీ బ్యాటరీ. చెవులకి ఏవో తగిలించుకుని, ఇనప పెట్టె ముందు కూర్చుని ఒకటే ఇంగ్లీషు. నిన్నంతా ఆ చివర రాళ్ళ దగ్గర కూర్చుంటే ఎవరూ పట్టించుకోలేదు. ఇవాళ ఏకంగా స్తంభం దాకా వచ్చేశాడు.

"ఏమయ్యా! నీకు తీగ కట్టుకోడానికి ఇదే దొరికిందా?"

"ఇక్కడైతే బాగా అందుతుందమ్మా. కాస్త ఓపిక పట్టండి."

"ఓపికా? మా ఓపిక నీకేం తెలుసు? విప్పు ముందు!"

ఆయన విప్పలేదు. చెయ్యెత్తి ఆగమన్నాడు. చెవుల్లో ఏదో విన్నాడు. మొహం మారిపోయింది. గబగబా లేచి, చేతిలో నల్లటి మైకు నొక్కిపట్టుకుని ఆమె దగ్గరికొచ్చాడు.

"అమ్మా, మీ ఆయన పేరేంటండి? భుజం మీద పచ్చబొట్టేమైనా ఉందా?"

పెద్దింట్లమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

మొగుడి పేరు ఆడదాని నోట చెప్పించుకోవడమే తప్పు. ఆపైన పచ్చబొట్టా?

ఆ ప్రశ్న ఆమెకి కొత్త కాదు. వెనకటి తుఫానుకి ఆమె అయ్య తిరిగి రానప్పుడు కూడా ఒక ఆఫీసరు అచ్చం ఇలాగే అడిగాడు. పచ్చబొట్టుందా అని. ఉందని చెప్పగానే తీసుకెళ్ళి గోనెపట్టా కింద శవాన్ని చూపించాడు.

"నీ నోరు పడిపోనూ!" అని అరిచింది. "నా మొగుడు సచ్చాడని రాసుకోడానికొచ్చావా? బతికున్నప్పుడు వెతకడానికి రాలేదు గానీ, గుర్తులడగడానికి తయారయ్యావా? నా మొగుడు సావడు! వొస్తాడు! నీ తీగతోటే నీకు ఉరేస్తాడు!"

"అది కాదమ్మా, ఒక్క మాట..."

"ఒక్క మాటా లేదు, అరమాటా లేదు!"

రెండు చేతులతో తీగ పట్టి గుంజింది. తెగి చేతికొచ్చింది. అప్పటికీ కసి తీరలేదు. పెట్టె ఎత్తి బండ మీద వేసి కొట్టింది.

మిగతా ఆడవాళ్ళూ లేచారు. తలో రాయీ అందుకున్నారు.

ఆయన పగిలిన పెట్టెని పొట్టకి కరుచుకుని, వెనక్కి తిరిగి తిరిగి ఏదో చెబుతూనే దిగాడు. ఆ గాలిలో, ఆ తిట్లలో, ఆ ఏడుపుల్లో ఎవరికి వినపడుతుంది? రాయి తగిలి నుదురు చిట్లింది. అయినా తిరిగి ఒక్క మాట అనలేదు.

"మళ్ళీ ఈ గట్టెక్కావో, కాళ్ళిరగ్గొడతాం!"

కొన్నాళ్ళకి విశాఖపట్నం బస్సులోంచి చిట్టియ్య దిగాడు.

చేతిలో అన్న మొలతాడు ఉంది. అది చూసి పెద్దింట్లమ్మ బస్సు పక్కనే కూలబడింది.

"మిగతా వాళ్ళంతా ఆసుపత్రిలో ఉన్నారొదినా, వస్తారు. అన్నకే తెరచాప కొయ్య విరిగి రొమ్ము మీద పడింది. ఓడలోకి ఎక్కించాక ఒక్క పూటే ఉన్నాడు."

"ఓడా? ఏ ఓడరా?"

"సరుకుల ఓడ. దాని దారిన అది పోతా ఉంటే, ఈ పక్క పడవలు తప్పిపోయాయి, చూడండని రేడియోలో ఎవరో బతిమాలారంట. అందుకే వెనక్కి తిరిగి మమ్మల్ని ఏరుకుంది. ఓడలో రేడియో చూసేవాడిది తెలుగు కాదు, మన పేర్లకి వాడి నోరు తిరగలేదు. అన్న భుజం మీది చేప పచ్చబొట్టు చూసి అదే చెప్పాడు. పెళ్ళాన్ని పిలిచి మాట్లాడిస్తాను, ఆయన్ని పెట్టె దగ్గర కూర్చోబెట్టండని ఒడ్డు నించి కబురొచ్చింది."

పెద్దింట్లమ్మ తలెత్తి చూసింది.

"నీ గొంతు వినపడిందొదినా. 'నా మొగుడు సావడు, వొస్తాడు' అని ఎంత తిట్టు తిట్టావు! అన్న నవ్వాడు. 'అది మా ఆడదేరా' అన్నాడు. 'ఇక్కడే ఉన్నానే' అని పెట్టెలోకి అరిచాడు. ఇటునుంచి పలుకే లేదు."

ఆమె తన రెండు చేతులూ చూసుకుంది.

"ఎవర్రా అతను? గవర్నమెంటోడేనా?"

"గవర్నమెంటూ కాదు, ఎవరూ పంపలేదు. తణుకులో ఇనప సామాన్ల కొట్టంట, ఈ రేడియో ఆయన సరదా అంట. పొద్దుగూకి, అన్న కన్నుమూసేశాక, ఇంకో పెట్టె ఎక్కడో అడిగి తెచ్చుకుని మళ్ళీ పలికాడొదినా... 'మెట్టెక్కుతున్నాను, ఆ అమ్మ ఎన్ని తిట్టినా పడతాను, ఆయన్ని మాత్రం కాస్త ఆగమనండి' అన్నాడు."