వీపు మీది పేరు

మూడో కుర్చీ కూడా గోడకు తగిలి విరిగింది. ఆరిన్ టాకెట్ కదలకుండా చూస్తున్నాడు.

అది అతని దుకాణమే. ముందు భాగంలో బల్లలూ కుర్చీలూ అమ్ముతాడు. వెనక గదిలో శవపేటికలు చేస్తాడు. పెన్సిల్వేనియాలోని ఆ చిన్న ఊళ్ళో పెళ్ళికి మంచం కావాలన్నా, చావుకు పెట్టె కావాలన్నా అతని దగ్గరికే రావాలి.

విరగ్గొడుతున్నవాడు మధ్యాహ్నం రైలు దిగాడు. గుండెల దాకా గడ్డం, కాలి ముడుచుకుపోయిన చెంప. స్టేషన్లో ఎవరో అడిగితే పేరు పైక్ అన్నాడట.

"ఎవరూ రారులే," అన్నాడు పైక్, నాలుగో కుర్చీ అందుకుంటూ. "ఈ డ్రమ్ముల మోతలో నువ్వు చచ్చినా వినబడదు."

నిజమే. వీధిలో బ్యాండు వాళ్ళు సాధన చేస్తున్నారు. తెల్లవారితే మే ముప్పయ్యి. అంతర్యుద్ధంలో పోయినవాళ్ళ సమాధులకు ఊరంతా పూలు పెట్టే రోజు. ముందురోజు సాయంత్రం ఆరిన్ బండి నిండా కొత్త మట్టి వేసుకొని వెళ్ళి సమాధులన్నీ సరిచేసి వస్తాడు. పంతొమ్మిదేళ్ళుగా అది అతని పని.

అన్నిటికన్నా పెద్ద దండ సార్జంట్ కేలబ్ స్ట్రోడ్‌కు వేస్తారు. అతని భార్య లవీనియా భోజనాల ఇల్లు నడుపుతుంది. ఏటా అందరూ వెళ్ళిపోయాక ఆమె ఆగి, ఆరిన్‌ను ఒకే ఒక్క మాట అడుగుతుంది. అందులో ఉన్నది ఆయనేనా అని. శవపేటికకు మేకులు కొట్టి వర్జీనియా నుంచి తెచ్చింది ఆరినే. లోపలి శవం ముఖాన్ని ఆమె చూడలేదు. ఆయనేనని ఆరిన్ చెబుతాడు. ఆమె వంకరపోయిన రెండు వేళ్ళను శాలువాలో దాచుకొని, రొట్టెలు కాల్చడానికి ఇంటికి వెళ్ళిపోతుంది.

వర్జీనియాలో స్ట్రోడ్, ఆరిన్ పాల్గొన్న దాడికి ముందు రాత్రి సైనికులు తమ పేర్లు కాగితాల మీద రాసి, కోటు వీపున గుచ్చుకున్నారు. ముఖం మిగలకపోయినా పేరైనా ఇంటికి చేరుతుందని. తెల్లవారాక అంతా ముగియడానికి అరగంట కూడా పట్టలేదు. ఆరిన్ ముందు పరుగెత్తుతున్నవాడి దవడ ఎగిరొచ్చి అతని భుజానికి తగిలింది. ఆ తరవాత కాగితాలు చదువుతూ శవాలను ఏరడం ఆరిన్ వంతుకు వచ్చింది.

"ఆ రోజు పేరు గుచ్చిన కోటు విప్పి పారేసి, బురదలో పాక్కుంటూ పోవడం నువ్వు చూశావుగా?" అన్నాడు పైక్.

"చూశాను."

"మరి ఆ కోటు ఇంకో శవానికి తొడిగిందెవడు?"

"నేనే. ముఖం లేదు వాడికి. పద్ధెనిమిదేళ్ళు కూడా ఉండవు. ఎవరి కొడుకో. వాడికీ ఏటా పూలు అందుతున్నాయి."

"అబ్బో. నువ్వు పాస్టరువి కావలసినవాడివి."

రేపు సమాధి దగ్గర అందరి ముందూ ఆ సంగతి చెబుతానన్నాడు పైక్. అంతకంటే ముందు, ఇప్పుడే లవీనియా ఇంటికి వెళ్తానన్నాడు. స్ట్రోడ్ పారిపోయాడని తెలిస్తే ఆమె పింఛను పోతుంది. ఊరు ఆమె ముఖం మీద తలుపు వేస్తుంది. ఆరిన్ తన గుర్రం తీసుకుపొమ్మన్నాడు. దుకాణమే రాసిస్తానన్నాడు.

"నీ చెక్కముక్కలు నాకెందుకురా? ఆ భోజనాల ఇల్లు బాగా నడుస్తోందటగా. కూర్చొని తింటాను. ఆవిడే వడ్డిస్తుంది. వడ్డించకపోతే ఎలా వడ్డించాలో నేర్పుతాను."

ఆరిన్ వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

పైక్ అతణ్ణి పని బల్ల దాకా ఈడ్చుకొచ్చాడు. ఎడమ చెయ్యి పట్టుకొని, చివరి రెండు వేళ్ళనూ తొందర లేకుండా వెనక్కి వంచాడు. ఒకటి విరిగింది. తరవాత రెండోది.  ఆరిన్ కుడి చెయ్యి బల్ల మీద తడుముకుంటూ పోయింది. సుత్తి దొరికింది.

యుద్ధంలో ఎందరిని చంపాడో అతనికి తెలియదు. పొగలోకి కాల్చాడంతే. వీణ్ణి మాత్రం చూస్తూ కొట్టాడు. మొదటి దెబ్బకు పైక్ మోకాళ్ళ మీద పడ్డాడు. రెండో దెబ్బకు కణత లోపలికి పోయింది. మూడో దెబ్బ అవసరం లేదు. అయినా కొట్టాడు.

బయట డ్రమ్ములు ఆగలేదు.

 ఆరిన్ వేళ్ళకు పుల్లలు పెట్టి కట్టు కట్టుకున్నాడు. తడిగుడ్డతో శవం ముఖం తుడిచి, తెరుచుకున్న కళ్ళు మూశాడు. ఎవరినైనా సరే, తల కింద చిత్రిక పొట్టు కూరి కుట్టిన దిండు లేకుండా పంపడం అతనికి చేతకాదు. ఒకటి తెచ్చి పెట్టాడు.

సాయంత్రం ఎప్పటిలాగే బండి నిండా మట్టితో శ్మశానానికి వెళ్ళాడు. దారిలో ఎదురైనవాళ్ళు టోపీలు ఎత్తి పలకరించారు.

మర్నాడు ఉపన్యాసాలయ్యాయి. పిల్లలు పూలు చల్లారు. స్ట్రోడ్ సమాధి మీద మట్టి అంతా తిరగవేసి ఉంది. మధ్యలో కొత్తగా నాటిన గులాబీ మొక్క. పాస్టరు చాలా మెచ్చుకున్నాడు. చేతి కట్టు సంగతి అడిగినవాళ్ళకు, కుర్చీ మీద పడిందని చెప్పాడు ఆరిన్.

అందరూ వెళ్ళిపోయారు. లవీనియా ఆగింది.

ఆమె అతని కట్టు వంక చూసింది. ఎడమ చెయ్యి, చివరి రెండు వేళ్ళు. చాలాసేపు చూసింది. తరవాత తన ఎడమ చేతిని శాలువాలోంచి బయటికి తీసి చూసుకుంది. ఆ వేళ్ళు యుద్ధానికి ముందు తలుపు సందున పడి నలిగాయని ఊరందరికీ ఆమె చెప్పిన మాట.

"ఆరిన్ గారూ," అంది మెల్లగా. "అందులో ఉన్నది ఆయనేనా?"

"ఆయనేనమ్మా."

పంతొమ్మిదేళ్ళలో ఆ మాట నిజం కావడం అదే మొదటిసారి.