కొలిచి చెప్పు

అంబులెన్సు వాళ్ళే తన భార్యను చంపారు. ప్లంబరు దృష్టిలో ఇందులో వాదనకు చోటు లేదు. ఐదు నిమిషాల్లో వస్తామని ఫోనులో ఆమెకు చెప్పారు. ఆమె గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తూనే పోయింది. ఇప్పుడేమో అరగంట పడుతుందని ముందే చెప్పాం, ఆమె సరేనంది అంటున్నారు. ఎవరిది అబద్ధమో ఆ ఫోను రికార్డులో ఉంది. ఆమె గొంతు మిగిలింది కూడా అందులోనే.

ఆ రికార్డు కోసం కూతుర్ని వెంటబెట్టుకుని వాళ్ళ ఆఫీసుకు వచ్చాడు. అనుమతి కాగితం మీద సంతకం కోసం కూతుర్ని మేనేజరమ్మ గది ముందు నిలబెట్టి, తాను కంప్యూటర్ల గదిలోకి వెళ్ళాడు. కిటికీ లేని గది. ఏసీ చలికి ఆపరేటరు పట్టపగలే స్వెటరు వేసుకుని కూర్చున్నాడు.

రికార్డు ఉందని ఆపరేటరు తెర మీద చూపించాడు. సంతకం రాగానే నకలు తీసి ఇస్తానన్నాడు. కాకపోతే ఏడాది దాటిన రికార్డులన్నీ, ఆమెదాంతో సహా, ఈ సాయంత్రమే చెరిగిపోతాయట. మనిషి కూర్చుని చెరిపేది కాదు. షెల్ స్క్రిప్టని ఒకటుంటుంది. వరసగా రాసిపెట్టిన ఆజ్ఞలు. దాని పేరు కొట్టి మీట నొక్కితే తన పని తాను చేసుకుపోతుంది.

"సంతకం ఆలస్యమైతే?" అన్నాడు ప్లంబరు.

"మధ్యలో ఆపేస్తాలే పెద్దాయనా. అదంతా అయ్యేసరికి గంట పడుతుంది."

"గంటని ఎవరు చెప్పారు?"

"అందాజుగా చెప్తున్నా."

"ఐదు నిమిషాలన్నదీ అందాజే."

ఆపరేటరు మాట తేలిక చేయబోయాడు. పది నిమిషాల్లో వస్తానన్న ప్లంబరు కోసం తన ఇంట్లో కుళాయి నెల్లాళ్ళుగా కారుతూనే ఉందన్నాడు.

"కుళాయి కారితే ఎవరూ చావరు."

ఆ తర్వాత ఆపరేటరు నవ్వలేదు. స్క్రిప్టుకు ఎంతసేపు పడుతుందో కచ్చితంగా తెలిసే దారి లేదా అని ప్లంబరు అడిగాడు. లేకేం, దాని పేరుకు ముందు టైమ్ అని చేరిస్తే చాలు, లెక్క తెర మీద పడుతుందన్నాడు ఆపరేటరు. అయితే కానివ్వమన్నాడు ప్లంబరు. ఇప్పుడెందుకు, సాయంత్రం చూద్దామంటే వినలేదు. టీ తాగి వస్తానంటే తలుపుకు అడ్డంగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"కొలిచి చెప్పు. చెప్పేదాకా లేవను."

మొండిఘటం అని గొణుక్కుంటూ ఆపరేటరు ఏదో కొట్టి, మీటను విసురుగా నొక్కాడు. తెర మీద అక్షరాలు గబగబా జారి ఆగాయి. పదకొండు సెకన్లు.

"గంటన్నావు," అన్నాడు ప్లంబరు. భార్య పోయాక వీళ్ళ మీద అతను నెగ్గడం ఇదే మొదలు. పదకొండు సెకన్లలో ఏం ఆపుతావు, నువ్వు కుర్చీ జరుపుకునేలోపే అంతా తుడిచిపెట్టుకు పోతుంది కదా అని దులిపేశాడు.

 ఆపరేటరు మెడ చాచి తెరనే చూస్తున్నాడు. ఇంకేదో కొట్టాడు. మళ్ళీ అదే కొట్టాడు.

బయటినుంచి కూతురు తలుపు తట్టింది. ప్లంబరు కుర్చీ జరిపాడు. మేనేజరమ్మ మారుమాట లేకుండా సంతకం పెట్టిందంటూ కాగితం చాపింది.

ఆపరేటరు దాన్ని అందుకోలేదు.

"కొలవాలంటే నడపాలి పెద్దాయనా," అన్నాడు. "ఉత్తుత్తి ఫైళ్ళ మీద నడపాల్సింది. విసుగులో అసలువాటి మీదే నడిపేశాను."

వేరేచోట దాచిన నకళ్ళుంటాయి కదా అంది కూతురు. వాటినీ అదే చెరిపేస్తుందన్నాడు.

మెట్లు దిగుతూ కూతురు ఉడికిపోయింది. వీణ్ణి ఊరికే వదలకూడదు, ఫిర్యాదు రాద్దామంది. సాయంత్రం నడపాల్సినదాన్ని ఇప్పుడే నడపమని ఎవరు చెప్పారు నాన్నా అని అడిగింది.

ఏడాదిగా కనబడ్డ ప్రతివాణ్ణీ నిలబెట్టి ఆ చావు గురించి చెప్పిన మనిషి, కూతురి చేతిలోని కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు.

"ఇక ఆ మాట ఎత్తకు," అన్నాడు. "నేను పోయేదాకా నా దగ్గర ఎత్తకు."