కుళాయి చప్పుడు

"అన్నయ్యా, మీకొక్కరికే చెప్తున్నా. ఈ ఇల్లు మాకు..." అని ఆమె గొంతు తగ్గించిందో లేదో, ఇల్లు చూపిస్తున్న ఏజెంటు వంటింటి కుళాయి పూర్తిగా తిప్పేశాడు. నీళ్లు సింకులో దబదబా పడ్డాయి.

"ఫోర్సు చూశారా అమ్మా!"

ఆమెకు చిర్రెత్తింది. మొన్న తమ పాపను ఎత్తుకుని మేడంతా తిప్పింది ఈ మనిషే. సొంతవాడే అనుకుంది.

"అది కాదన్నయ్యా, ఇప్పుడు మేం అద్దెకుంటున్న ఇంటాయన మమ్మల్ని..."

ఈసారి అతను గోడకున్న ఫ్యాను వేశాడు. అది గుర్రుమంది.

"మీకేమైనా పిచ్చా? కష్టం చెప్పుకుంటుంటే ఈ గోలేంటి?"

అతను రెండూ ఆపి, నుదురు తుడుచుకున్నాడు.

"నేను అమ్మేవాళ్ల మనిషినమ్మా. మొదటిరోజే ఆ సంగతి రాసిన కాగితం మీద మీ సంతకం తీసుకున్నాను. మీరు చదవకుండా నవ్వేసి పెట్టేశారు. మీ తొందర నా చెవిన పడితే వాళ్లకు చెప్పి తీరాలి, చట్టం అలాంటిది. చెప్పానా, ఇక పైసా తగ్గరు. అందుకే చెవిన పడనివ్వట్లేదు."

"మరి మా తరఫున ఎవరున్నారు?"

"ఎవరూ లేరమ్మా. మీరే ఒకరిని పెట్టుకోవాలి."

ఆమె ఇన్నాళ్లూ అన్నయ్యా అంటూ ఇతని దగ్గర ఇంకేమేం వాగిందో గుర్తుచేసుకోబోయింది.

అంతలో పడగ్గది చూసి భర్త హడావిడిగా వచ్చాడు. "అన్నయ్యకి చెప్పేశావా? నిజానికి మనకు బొత్తిగా..."

ఆమె చెయ్యి చప్పున కుళాయి మీదికి వెళ్లింది.

"ముందు ఈ ఫోర్సు చూడండి," అంది.