కరగకముందే

"కరగని అల్యూమినియం తుప్పుతో కలవదమ్మా. ఇంకెన్నిసార్లు చెప్పేది?" అన్నారు ప్రొఫెసర్ విజయభాస్కర్.

"కలుస్తుంది సార్. ఆ రెండు పొడులనీ కలిపి నలభై గంటలు నూరినాను. రెండూ ఒకదానికొకటి అంటుకుపోయి ఉండాయి. అల్యూమినియం కరిగేది ఆరువందల అరవై డిగ్రీల దగ్గర. అందాకా ఆగాలని వాటికేం పట్టింది?" డెబోరా పట్టు వదల్లేదు.

వెంకటాచలం ఊరి దగ్గరి కాలేజీలో ఆమె పీహెచ్‌డీకి ఇది అయిదో ఏడు. ఈ ఒక్క అధ్యాయం దగ్గరే గైడుతో పేచీ.

"ఇదే ఆఖరుసారి. కరిగేలోపు కంప్యూటర్లో గీత లేవలేదనుకో, ఆ అధ్యాయం తీసేయ్. నా గదిలో ఉంటా" అని వెళ్లిపోయారాయన.

ఫర్నేస్ నిమిషానికి పది డిగ్రీల చొప్పున వేడెక్కుతోంది. పొడిలో రెండూ కలిస్తే వేడి పుట్టి, కంప్యూటర్లో గీత పైకి లేవాలి. అయిదువందల యాభై దాటినా అది బల్లపరుపుగానే పోతోంది.

"కరెంటు పోకుండా చూడు ప్రభువా" అంది డెబోరా.

"పక్కన కృష్ణపట్నంలో అంత కరెంటు చేస్తుంటే మనకెందుకు పోతాదమ్మా!" అన్నాడు అటెండరు పోలేరయ్య.

ఫ్యాను ఆగిపోయింది.

"అన్నా, నీ నోరు!"

ఫర్నేసూ కంప్యూటరూ మాత్రం బ్యాటరీ మీద నడుస్తున్నాయి. అదీ ఎనిమిది నిమిషాలే. పోలేరయ్య ఆ బ్యాటరీ పెట్టెను పాలిచ్చే బర్రెను నిమిరినట్టు నిమరసాగాడు.

అయిదువందల ఎనభై. ఎనభై అయిదు. తొంభై.

గీత వణికింది. మరుక్షణం నిట్టనిలువునా లేచింది. కొండలా పైకెళ్లి అటువైపు దిగింది. కొన దగ్గర అయిదువందల తొంభై నాలుగు!

"అన్నా, లేచింది!"

"ఏందమ్మా లేచింది?"

"గీత!"

సంగతేందో అర్థం కాకపోయినా పోలేరయ్య కూడా గంతేశాడు. ఇద్దరూ చేతులు పట్టుకుని గిర్రున తిరిగారు. డెబోరా చెప్పు ఒకటి ఎగిరి బీరువా కింద పడింది. ఆ అంకెను కాగితం మీద గీకి, ఒంటి చెప్పుతోనే వరండా పొడుగునా పరిగెత్తింది. ఎదురైన వాళ్లందరికీ "లేచింది, లేచింది!" అని చెప్తూ పడీపడీ నవ్వుతోంది.

విజయభాస్కర్ కిటికీ వైపు తిరిగి నిలబడున్నారు.

"సార్! లేచింది సార్! ఎంత దగ్గరో చెప్పుకోండి చూద్దాం!" కాగితాన్ని వీపు వెనక దాచింది.

ఆయన ఇటు తిరగలేదు. "అయిదువందల తొంభై... నాలుగో, అయిదో."

డెబోరా దాచిన కాగితాన్ని ముందుకు తెచ్చి చూసుకుంది. "మీకెట్లా తెలుసు సార్?"

అప్పుడు తిరిగారాయన. మొహం నిండా నవ్వు, కళ్ల నిండా నీళ్లు.

"ముప్పై ఏళ్ల కిందట నాకూ అక్కడే లేచిందమ్మా. మా గైడు తప్పన్నాడని ఆ కాగితాన్ని చించి పారేసినాను."