ఉత్తుత్తి మాత్ర

"ఈ చదువు నా వల్ల కాదమ్మా, మానేస్తాను," అంటూ అమ్మాయి ఫార్మకాలజీ పుస్తకాన్ని సోఫాలోకి గిరాటేసింది. నర్సింగులో చేరిన తొలి ఏడాదే మందుల పరీక్ష తప్పింది. నెలాఖరున మళ్లీ రాయాలి.

వంటింట్లోంచి తల్లి నోరు తెరిచేలోగా నానమ్మ అందుకుంది.

"ఆ మానేసేదేదో నాకో నిద్రమాత్ర ఇచ్చి మానెయ్యవే. కంటి మీద కునుకు లేదు."

"డాక్టర్ చెప్పకుండా అవి ఇవ్వకూడదు నానమ్మా."

"డాక్టర్ దగ్గరికి నేను రాను. నువ్విస్తేనే వేసుకుంటా."

నానమ్మ మొండితనం ముందు ఆ ఇంట్లో ఎవరూ గెలవలేదు. అమ్మాయి కాసేపు ఆలోచించి, పిప్పరమెంటు బిళ్లొకటి కాగితంలో చుట్టి తెచ్చింది.

"కొత్త రకం మాత్ర. చప్పరించాలి."

నానమ్మ కళ్లజోడు సవరించుకుంది. "ఒంట్లో ఎంతసేపుంటుంది? చెడు చేస్తుందా? వివరం తెలియని మందు నేను నోట్లో పెట్టను."

అబద్ధమైనా అతికినట్టుండాలి కదా. అమ్మాయి సోఫాలోని పుస్తకాన్ని మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"అర్ధాయువు అని ఒకటుంటుంది. ఒంట్లోని మందు సగానికి తగ్గడానికి పట్టే సమయం. ఇంకో అంతసేపటికి ఆ మిగిలినదాంట్లో సగం."

"మీ నాన్న ముందు పెట్టిన బిస్కెట్ల డబ్బా అన్నమాట. మరి చెడు?"

"దాన్ని దుష్ప్రభావం అంటారు. మనం కోరుకున్నదానితో పాటు కోరనిది కూడా జరగడం."

"మీ తాతను చేసుకుంటే మా ఆడపడుచు కూడా వచ్చిపడినట్టు."

అమ్మాయి పడీ పడీ నవ్వింది. పరీక్ష తప్పాక ఆ ఇంట్లో ఆమె నవ్వు వినిపించడం అదే మొదలు.

"హాయిగా పట్టేసిందే నిద్ర," అంది నానమ్మ మర్నాడు పొద్దున్నే.

"ఆ గురకకి మాకే పట్టలేదు," అంది తల్లి.

అమ్మాయికి పట్టరానంత సంతోషం. కానీ నానమ్మ పేచీ అక్కడితో ఆగలేదు. రోజుకో ప్రశ్న. ఈ మందు ఎవరు వాడకూడదు, రెండు మందులు కలిస్తే ఏమవుతుంది, అలవాటు పడ్డాక మోతాదెందుకు పెంచాలి. జవాబు చెప్పనిదే మాత్ర ముట్టేది కాదు. కాలేజీ నుంచి రాగానే అమ్మాయి బ్యాగు కింద పెట్టకుండానే పుస్తకం తెరిచేది.

ఫలితాలొచ్చిన రోజు పరుగున వచ్చి నానమ్మను వాటేసుకుంది. "మళ్లీ రాసినవాళ్లందరిలో నాకే ఎక్కువ మార్కులు." ఆ వెంటనే గొంతు తగ్గించింది. "తిట్టకూడదు మరి. నీకిచ్చింది మాత్ర కాదు, పిప్పరమెంటు."

నానమ్మ బుగ్గలు నొక్కుకుంది. "మరి అంత నిద్రెలా పట్టిందే?"

"దాన్ని ప్లాసిబో అంటారు. మందు లేకపోయినా, వేసుకున్నామన్న నమ్మకమే పని చేస్తుంది."

"నన్నే బోల్తా కొట్టించావే, గడుగ్గాయి."

గడుగ్గాయి గర్వంగా ఫోను పట్టుకుని, స్నేహితురాలికి చెప్పడానికి మేడ మీదికి పరుగెత్తింది. ఆ సంబరం చూసి తల్లికి కళ్లు చెమర్చాయి. మంచినీళ్ల గ్లాసు అత్తగారి చేతికిస్తూ అడిగింది.

"ఇక మీదట నిద్రకేం చేస్తారు అత్తయ్యా?"

"నాకు నిద్ర పట్టని రోజంటూ ఏనాడైనా ఉంటేగా."