గేటు మీది అతుకు

వెనక్కి వస్తున్న వ్యాను షెడ్డు గేటును గుద్దింది. పై బందు దగ్గర అతుకు ఊడిపోయింది.

వెల్డింగు మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు. అది నాన్న గేటు.

సాయంత్రానికి అమ్మ పిన్ని వాళ్ళింటి నుంచి వచ్చేస్తుంది. పోయినేడు నాన్న పోయినప్పటి నుంచి ఆవిడ రోజూ కాసేపు ఆ గేటు పట్టుకుని నిలబడుతోంది. విరిగిన గేటు ఆమె కంట పడకూడదు.

అతుకు వెయ్యడం అతనికో లెక్కా? ఊళ్ళో సగం గేట్లు అతని చేతివే. కానీ ఈ గేటు అతుకులు వేరు. సన్నటి అలల్లా ఒకదాని మీద ఒకటి వాలి, ఎక్కడా తెగకుండా సాగిపోతాయి. రంగు వేయించిన ప్రతిసారీ నాన్న అతుకుల మీద పలచగా వెయ్యమనేవాడు, అవి కనపడాలట. ఒక్కోసారి వాటిని వేలితో తడిమి, "ఆ చెయ్యి ఇప్పుడు లేదురా" అనేవాడు. వయసు మీదపడి చెయ్యి వణుకుతోందని దిగులు కాబోలనుకుని కొడుకు నవ్వించబోయేవాడు. నాన్న నవ్వేవాడు కాదు.

మేస్త్రి ముందు తుక్కు ముక్క మీద వేసి చూశాడు. వేడి చాలక ఇనుము లోపలికి దిగలేదు, ఉబ్బెత్తుగా పైనే కూర్చుంది. కరెంటు పెంచాడు. ఈసారి అంచులు కరిగి గాడి పడింది. ఇన్నేళ్ళ పని ఏ గంగలో కలిసిందని తనను తానే తిట్టుకున్నాడు.

అప్పుడొచ్చింది ఒక ముసలావిడ. భుజాన గుడ్డసంచి. షెడ్డు పెద్దాయన ఉన్నాడా అని అడిగింది.

నాన్న పోయాడని చెప్పాడు.

ఆవిడ బల్ల మీద కూర్చుని గేటు వంకే చూసింది. కాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వెల్డింగు వెలుగు చూస్తే నీళ్ళు కారక ఏమవుతుందని, ఇంటికి వెళ్ళమని కసిరాడు మేస్త్రి.

ఆవిడ కదల్లేదు. కళ్ళు మూసుకుని చప్పుడు వింటూ కూర్చుంది.

"రాడ్డు ఎత్తి పట్టుకున్నావు నాయనా, అందుకే చిటపటలాడుతోంది. దగ్గరగా పెట్టు. బొట్టును రాల్చకు, అందించు."

ఈ పని నీకేం తెలుసు పెద్దమ్మా అన్నాడు.

"కొంచెం తెలుసులే. కుడివైపు నుంచి రా. ఆ అలలు అటు నుంచి వచ్చినవే. ఏదీ, ఇటివ్వు, ఒకటి వేసి చూపిస్తా."

ఆవిడ ఎడమ చెయ్యి చాచింది.

అసలే చిరాకులో ఉన్నాడేమో, మేస్త్రికి ఒళ్ళు మండింది.

"ఇది స్వెట్టరు అల్లడం కాదు. అడిగేదేదో కుడిచేత్తో అడగాలని కూడా తెలీదా?"

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. సంచి భుజాన వేసుకుని లేచింది. వెళ్తూ వెళ్తూ గేటు అతుకులను ఓసారి వేలితో తడిమింది. పీడ వదిలిందనుకున్నాడు.

ఆవిడ వెళ్ళిపోయాక షెడ్డు బోసిపోయినట్టు అనిపించింది. చూసేవాళ్ళెవరూ లేరు కదా, పోయేదేముందని కరెంటు కాస్త తగ్గించాడు. కుడివైపు నుంచి మొదలుపెట్టి, రాడ్డును ఇనుముకు దగ్గరగా నడిపాడు. చిటపట పోయింది. నూనె సన్నసెగ మీద వేగుతున్నట్టు ఒకటే చప్పుడు. గేటు మీద కూడా అలాగే వేశాడు.

చల్లారాక పైన కట్టిన చిట్టెం కొట్టి చూశాడు. అలలు. రంగు లేదు గానీ, పాత అతుకుల్లో అచ్చంగా కలిసిపోయాయి. నాన్న చెయ్యి ఇన్నాళ్ళకు తనకొచ్చిందని పొంగిపోయాడు. ఆయన ఉంటే ఎంత బాగుండేదని కళ్ళు చెమర్చాయి.

సాయంత్రం అమ్మ వచ్చింది. ఎప్పటిలాగే గేటు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి కొత్త అతుకు దగ్గర ఆగిపోయింది.

"వదిన వచ్చిందా?" అంది, లోపలికి చూస్తూ.

ఏ వదినమ్మా అన్నాడు. నాన్న అతుకుకు సరిగ్గా సరిపోయేలా తనే వేశానని చెప్పుకున్నాడు.

"మీ నాన్న ఈ గేటుకు రంగే వేయించాడురా. అతుకులు ఆయనకు రాడ్డు పట్టడం నేర్పిన వాళ్ళ అక్కవి" అంది అమ్మ. "చెప్పకుండా పెళ్ళి చేసుకుందని మీ తాత ఈ గేటులోంచే వెళ్ళగొట్టాడు గానీ, ఇవన్నీ మీ మేనత్త వేసినవే, ఎడమ చేత్తో."