తెగిన తీగ

“ఇది దానంతటది పాడైపోవడం కాదు. ఎవరో పాడుచేస్తున్నారు. నేనొకటి బాగుచేస్తే మర్నాటికి ఇంకొకటి పోతోంది. ఎవరో తేలనీ, ఆ చెయ్యి ఉంచను,” అన్నాడు అందరూ మర్యాదగా డోన్ అని పిలిచే నికాసియో. కాఫీ చెట్ల కింద గడ్డి కొడుతూ వచ్చాడేమో, పొడుగాటి కత్తి ఇంకా చేతిలోనే ఉంది.

ఎలీహియో కారు బానెట్ ఎత్తాడు. ఒకోవా పట్నంలో కార్లకి కరెంటు పనులు చేసేది అతనే. ఎల్లుండి ఆదివారం నికాసియో మనవడికి జ్ఞానస్నానం. ఇంటిల్లిపాదినీ ఈ తెల్లకారులోనే కొండ దించి చర్చికి తీసుకెళ్తానని ముసలాయన ఊరంతా చెప్పుకున్నాడు. రాజధానిలో ఉన్న కొడుకు ఫోన్ చేసి బతిమాలితే ఎలీహియో ఇంత పైకి వచ్చాడు.

లోపలంతా ముసలాయన సొంత వైద్యమే. ఎర్ర తీగ చాలని చోట పచ్చ తీగ, టేపు చాలని చోట దెబ్బలకి వేసే ప్లాస్టర్. ముప్పై ఏళ్ళు ఇదే కొండదారిలో మినీబస్సు తోలిన మనిషి. తన బండి మీద పరాయి చెయ్యి పడనిచ్చేవాడు కాదు.

లైట్లు వెలగలేదు. బ్యాటరీ నెగెటివ్ తీగ వేలితో కదిపితే కదిలింది.

“పది నంబరు స్పానర్ ఉందా?”

నికాసియో షెడ్డులోకి వెళ్ళాడు. అదే అదనుగా కూతురు బెల్కిస్ చంటివాణ్ణి చంకనేసుకుని, కాఫీ కప్పుతో వచ్చింది.

“దాన్ని బిగించకు అన్నా. నేనే వదులు చేశాను,” అంది గొంతు తగ్గించి.

“నువ్వా? ఎందుకమ్మా?”

“మొన్న దారి పక్కన కట్టేసిన మేకని గుద్దేశాడు. గోనెసంచి అనుకున్నాడట. కళ్ళు ఆనడం లేదు నాన్నా అంటే అన్నం మానేసి అరుస్తాడు. ఆదివారం వీణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఆ లోయ పక్కన నేనెలా కూర్చోను?”

స్పానర్ వచ్చేసింది. ముసలాయన పక్కనే నిలబడి చూస్తుంటే బిగించక తప్పలేదు. లైట్లు వెలిగాయి.

“ఎవరు వదులు చేశారు?”

“గతుకుల రోడ్డు కదా డోన్ నికాసియో. అదురుకి ఊడుంటుంది.”

“అదురుకి!” అన్నాడు ముసలాయన. నవ్వలేదు.

కొండ మీంచి మబ్బు దిగుతోంది. ఎలీహియో తాళం సగం తిప్పాడు. వెనక సీటు కింద పెట్రోలు పంపు గుంయ్‌మనాలి. అనలేదు. ఫ్యూజుల పెట్టె తెరిచాడు. ఒక గడి ఖాళీగా ఉంది. తలెత్తేసరికి వంటింటి కిటికీలో ముసలాయన భార్య జునీల్డా కనిపించింది. అతనికేసి చూస్తూ గుప్పిట విప్పింది. అరచేతిలో నీలం ఫ్యూజు. మళ్ళీ గుప్పిట మూసి, వద్దన్నట్టు తలూపింది.

నికాసియో వంగి, ఒక్కొక్క గడినీ వేలితో తడిమాడు. ఖాళీ గడి దగ్గర వేలు ఆగింది.

“ఇదీ అదురుకే ఊడిందా?”

ఎలీహియో పెట్టె మూత మూయబోయాడు.

“నీ దగ్గర ఉంటుందిగా. వెయ్యి.”

వేశాడు. పంపు మోగింది. ఎలీహియో చూపు కొండదారి మీదికి పోయింది. అతని కూతురు రోజూ మోటారుసైకిలు మీద నర్సింగు బడికి వెళ్ళేది ఆ దారి పట్నంలో కలిసే చోటు మీదుగానే. ఈ కారు కదిలితే ఆదివారంతో ఆగదు. సోమవారమూ దిగుతుంది, మంగళవారమూ దిగుతుంది.

తాళం పూర్తిగా తిప్పాడు. టక్కుమన్న చప్పుడు కూడా లేదు. కారు కిందకి దూరాడు. స్టార్టర్ మోటారుకి వెళ్ళే సన్న తీగ తెగి ఉంది. తెగడం కాదు, ఎవరో కోశారు. రెండు కొసలూ వెనక్కి మడిచి, ఇనుముకి తగలకుండా విడివిడిగా టేపు చుట్టారు.

నికాసియో స్పానర్ పెట్టి రావడానికి షెడ్డులోకి వెళ్ళగానే జునీల్డా నీళ్ళచెంబు వంకతో వచ్చి పక్కన వంగింది. “ఇది కూడా మీరేనా?” అని ఎలీహియో గుసగుసగా అడిగాడు.

“దేవుడి మీద ఒట్టు నాయనా, నేను తీసింది ఆ నీలం ముక్కొక్కటే. అక్కడ తీగుంటుందనే నాకు తెలీదు.”

వెనకే వచ్చిన బెల్కిస్ కూడా అడ్డంగా తలూపింది. తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మరి ఈ మూడో చెయ్యి ఎవరిది?

“లోపలికి పొండి ఇద్దరూ,” వెనకనుంచి నికాసియో గొంతు వినబడింది. “తలుపేసుకోండి. నేను పిలిచేదాకా రావద్దు.”

“నాన్నా, అన్ననేమీ అనకు...”

“పొమ్మన్నానా!”

తలుపు పడింది. కారు కింద పడుకున్న ఎలీహియోకి బురద బూట్లు దగ్గరకి రావడం కనిపించింది. బూట్ల పక్కన కత్తి మొన ఊగుతోంది. పక్కకి జరగబోతే భుజం చక్రానికి తగిలింది.

“ఎన్ని దొరికాయి?”

“మూడు.”

“ఎవరెవరు చేశారో నీకు తెలిసింది. అవునా?”

“నేను తీగలు కలిపేవాణ్ణి డోన్ నికాసియో. మనుషుల పేర్లు నన్నడగకండి.”

బూట్లు ఇంకో అడుగు దగ్గరకొచ్చాయి. తర్వాత మోకాళ్ళు నేలకి ఆనాయి. ముసలాయన కత్తి పక్కన పెట్టి, నేల మీద చెయ్యానించి, కారు కిందకి తల వంచాడు. కళ్ళు చికిలించి ఎలీహియో మొహం ఎక్కడుందా అని వెతుక్కున్నాడు.

“పేర్లు నాకు తెలుసులే,” అన్నాడు మెల్లగా. “ఇక ఇది బాగుకాదని వాళ్ళకి వినబడేలా గట్టిగా చెప్పు నాయనా. ఆ తీగ కోసింది నేనే.”